కొట్టు అంత దూరమా?

గురువారం పొద్దున తొమ్మిదయ్యేసరికి రోజా మామ్మగారు గోడ బీరువాలో కూర్చుని మూడో రోజు. నిన్న మధ్యాహ్నం నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. రెండు గంటలకి దుబాయ్ ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళే కారు వస్తుంది.

హాల్లో ఆరు సూట్‌కేసుల మధ్య నిలబడి సిమోన్ సారూ హన్నా మేడమూ దెబ్బలాడుకుంటున్నారు. వాళ్ళ డచ్చి భాష చిట్టెమ్మకు రాదు. రాకపోతేనేం, నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో అంట్లు తోముతున్న మనిషికి మాటలతో పనేముంది, రాగం చాలు. మేడమ్ గొంతు సన్నగా పైకి పోయిందంటే డాక్టర్ని పిలిచి ఇంజక్షన్ చేయిద్దాం అంటోందని అర్థం. సారు గొంతు గొణుగుడులోకి దిగిందంటే, మా అమ్మని నిద్రమత్తులో మూటగట్టి విమానమెక్కించమంటావా అంటున్నాడని అర్థం.

తర్వాత ఇద్దరూ మాట్లాడటం మానేశారు. అది మరీ కష్టం. ఆ నిశ్శబ్దంలో ఫ్రిజ్ మీద పెట్టిన చిట్టెమ్మ ఫోను గుర్రుగుర్రుమంది. కూతురు దేవి. పొద్దుటినుంచి ఇది మూడోసారి.

దేవి తనంతట తాను ఫోను చేసి రెండేళ్ళయింది. అలాంటి పిల్ల మూడుసార్లు చేస్తే ఏ తల్లయినా పరుగెత్తుకెళ్ళి ఎత్తాలి. చిట్టెమ్మ ఎత్తలేదు. ఎందుకు చేస్తోందో తెలుసు. మొన్ననే రాజోలు నుంచి, ఆ పిల్లని పెంచిన సుభద్రక్క చెప్పింది, దేవికి కువైట్ వీసా వచ్చిందని, ఈ వారమే ప్రయాణమని, అమ్మకి చెప్పొద్దందని. ఆ మాట విన్నప్పుడు చిట్టెమ్మకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు. చేతిలో ఉన్న ఉల్లిపాయ తరగడం పూర్తి చేసింది. అప్పట్నుంచీ ఒళ్ళు తిమ్మిరెక్కినట్టే ఉంది.

ఫోను మోగి మోగి ఊరుకుంది. సారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

మంచి మనిషే. సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే ప్లాంటులో పెద్ద ఇంజినీరు, యాభై దాటినవాడు, నలుగురిలో గట్టిగా మాట్లాడగా చిట్టెమ్మ ఎన్నడూ వినలేదు. ఆయన చెప్పింది ఇది. అమ్మ చిట్టెమ్మ మాట తప్ప ఎవరి మాటా వినదు. చిట్టెమ్మ కూడా హాలండ్ వస్తుందనే అమ్మ ఇన్నాళ్ళూ అనుకుంటోంది. వీసా ఇవ్వలేదని, చిట్టెమ్మకు రాస్ అల్ ఖైమా ఊళ్ళో వేరే ఇల్లు చూశారని, శనివారం నుంచి అక్కడ పనిలో చేరాలని అమ్మకి తెలియదు. తెలియకూడదు.

"రెండు వారాల్లో వస్తానని చెప్పు. అంతే. అక్కడికి వెళ్ళాక ఆవిడకి గుర్తుండదు" అన్నాడు.

"సరే సార్" అంది చిట్టెమ్మ. ఆ మాట ఇంత తేలిగ్గా ఎలా వచ్చిందా అని తనకే అనిపించింది. రాక ఏం చేస్తుంది. అలవాటైన నోరు.

మామ్మగారు బీరువాలోకి ఎందుకు వెళ్ళారో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

నిరుడు అక్టోబరులో అక్కడెక్కడో యూదుల దేశంలో యుద్ధం మొదలైంది. వీళ్ళూ యూదులే. అంతకుముందు ఉన్న విల్లాలో గుమ్మానికి కుడివైపు కొంచెం వాలుగా, వేలెడంత డబ్బీ ఒకటి బిగించి ఉండేది. లోపల చుట్టిన కాగితం మీద దేవుడి మాటలు రాసి ఉంటాయట. వస్తూ పోతూ మామ్మగారు దాన్ని తాకి వేళ్ళు ముద్దు పెట్టుకునేవారు. గుమ్మానికి పసుపు రాసుకునే ఊరి నుంచి వచ్చిన చిట్టెమ్మకు అందులో వింతేమీ కనిపించలేదు. చేతులు తడిగా లేనప్పుడు తనూ ఒకసారి తాకేది.

తర్వాత ఒకరోజు ఆ వీధివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ డబ్బీ ఫొటో తీసి పెట్టి, ఈ ఇంట్లో ఎవరుంటారో ఎవరికైనా తెలుసా అని అడిగారు. అంతే, ఇంకేమీ జరగలేదు. ఎవరూ రాయి విసరలేదు, మాట అనలేదు. ఫిర్యాదు చేద్దామన్నా ఏం చేస్తారు, అది ఒట్టి ప్రశ్న. కానీ సారు ఆ వారమే డబ్బీ ఊడదీసి జేబులో వేసుకుని, డేరా అనే పాతపేటలో జనం మధ్య, లిఫ్టు దగ్గర ఎవరూ ఎవరి మొహమూ చూడని ఈ పాత బిల్డింగులో ఏడో అంతస్తుకి కాపురం మార్చాడు.

కొత్త ఇంటికొచ్చిన రోజు మామ్మగారు గుమ్మంలో అలవాటుగా చెయ్యెత్తారు. చేతికి ఉత్త చెక్క తగిలింది. కొడుకు వైపు చూశారు. రిపేరుకిచ్చానన్నాడు. ఆవిడ తలూపారు, మళ్ళీ అడగలేదు. ఆ సాయంత్రం నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని నడవడం మొదలుపెట్టారు. గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టారు. మంగళవారం సూట్‌కేసులు అటక మీంచి దించగానే వెళ్ళి బీరువాలో కూర్చున్నారు.

ఎనభై ఏడేళ్ళ మనిషి. చూడబోతే ఐదేళ్ళ పిల్ల.

పదిన్నరకి కాలింగ్ బెల్లు మోగింది. సారూ మేడమూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చిట్టెమ్మ వెళ్ళి సందులోంచి చూసి తలుపు తీసింది. ఎదురు ఫ్లాట్‌లో పిల్లల్ని చూసుకునే హుస్సేనమ్మ, నెల్లూరు మనిషి. చేతిలో ఫ్లాస్కు.

"గంజి కాచానక్కా. ఉప్పు తక్కువేసినా. ముసిలామెకి ఇయ్యి" అంది.

ముసలావిడకి బాగోలేదని నీకెవరు చెప్పారని చిట్టెమ్మ అడిగింది. గోడలే చెబుతాయంది హుస్సేనమ్మ. మూడు రోజుల్నుంచీ ఈ ఇంట్లో టీవీ లేదు, మిక్సీ లేదు, పైగా సూట్‌కేసులు ఈడ్చిన చప్పుడు. వెళ్ళిపోతున్నారు కదా అంది. చిట్టెమ్మ ఎప్పుడూ చెప్పే పాఠమే అప్పజెప్పింది. వాళ్ళు హాలండ్ వాళ్ళు, చర్చికెళ్ళే మనుషులు, సెలవులకు ఊరెళ్తున్నారు.

హుస్సేనమ్మ తలుపుకి తగిలించిన మరియమ్మ కాలెండర్ కేసి చూసింది. చిట్టెమ్మ కరామా బజార్లో కొనుక్కొచ్చి తగిలించింది, తన తెలివికి తనే మురిసిపోతూ.

"ఆ బొమ్మ తగిలించినప్పుడే అనుకున్నా, ఉన్నట్టుండి ఇంత భక్తి ఏందా అని. శుక్రవారం పొద్దుగూకితే రెండు కొవ్వొత్తులు. రొయ్య గడప దాటిన రోజు లేదు. పాల గిన్నె వేరే, మాంసం గిన్నె వేరే. నేను వంట జేసుకునే దాన్నక్కా, నాకు కాలెండర్ జూపిస్తావా?"

చిట్టెమ్మ వరండాలో అటూ ఇటూ చూసింది. ఎవరికైనా చెప్పావా అని అడిగింది.

"చెప్పేదానికి ఏముంది. అంత పెద్దామె భయపడి చెప్పులు చేతబట్టుకుని నడుస్తా ఉంటే, మనం పోయి చాటింపేస్తామా." ఫ్లాస్కు చేతిలో పెట్టి వెళ్ళిపోతూ ఆగింది. "నువ్వు పోతా ఉండావా వాళ్ళతో?"

"లేదు."

"ఆమెకి తెలుసా?"

చిట్టెమ్మ ఫ్లాస్కు మూత బిగించింది. హుస్సేనమ్మ మరో మాట అడగలేదు. గల్ఫులో పిల్లల్ని వదిలొచ్చిన ఆడవాళ్ళు ఇలాంటివి రెండోసారి అడగరు.

మామ్మగారి బీరువా తలుపు తట్టడానికి ఒక పద్ధతుంది. చేత్తో కొడితే తియ్యరు. పేరు పెట్టి పిలిస్తే అసలు పలకరు. సారు రెండు రోజులు అమ్మా అనీ, రోజా అనీ, పసిపిల్లని బతిమాలినట్టు పిలిచి పిలిచి అలిసిపోయాడు. చిట్టెమ్మ మాత్రం చెక్క గరిటె తీసుకెళ్ళి రెండుసార్లు టకటకమనిపిస్తుంది. చిన్నతనంలో మామ్మగారు దాక్కున్న ఇంట్లో, అన్నం తెచ్చామని రైతు భార్య చేసే సైగ అది. ఎప్పుడో మాటల్లో మామ్మగారే చెప్పారు, కొడుకుతో చెప్పారో లేదో.

టక టక. తలుపు జానెడు తెరుచుకుంది.

మామ్మగారు దుప్పట్ల దొంతర మీద మోకాళ్ళు ముడుచుకుని ఉన్నారు. ఒళ్ళో చెప్పులు. తల వెంట్రుకలు దువ్వక మూడు రోజులైంది, అయినా లాల్చీ లాంటి ఆ తెల్ల గౌను గుండీలు అన్నీ సరిగ్గా పెట్టి ఉన్నాయి. చిట్టెమ్మ నేలమీద చతికిలబడి గంజి గ్లాసులో పోసింది. ఆవిడ తీసుకోలేదు.

మామ్మగారిది విరిగిన ఇంగ్లీషు, చిట్టెమ్మది దుబాయ్ వంటింటి ఇంగ్లీషు. రెండూ కలిపితే ఆ ఇద్దరికీ సరిపోతుంది. మనం తెలుగులోనే చెప్పుకుందాం. అయినా ఆవిడకి తెలుగులో ఒక్క మాట వచ్చు. ఎల్లొత్తా. ప్రతి ఆదివారం చిట్టెమ్మ బయటికి వెళ్ళేటప్పుడు "ఎల్లొత్తానండి మామ్మగారూ" అనేది. ఏమిటా మాట అని అడిగి నేర్చుకున్నారు. వెళ్ళి, మళ్ళీ రావడం అని చిట్టెమ్మ చెప్పింది. ఆవిడకి అది తెగ నచ్చింది. ఎవరైనా ఇంట్లోంచి వెళ్తుంటే అది అడిగి మరీ అనిపించుకునేవారు. కొడుకు చేత కూడా. పెద్ద ఇంజినీరు రోజూ పొద్దున టై సర్దుకుంటూ ఎల్లొత్తా అని ఆఫీసుకి పోయేవాడు.

"మామ్మగారూ, మీరు ముందు ఎల్లండి. నేను రెండు వారాల్లో వచ్చేత్తానండి" అంది చిట్టెమ్మ.

ఆవిడ చాలాసేపు చూశారు. "సిమోన్ చెప్పమన్నాడా?"

"లేదండి."

"నా వైపు చూసి చెప్పు."

చిట్టెమ్మ గంజి వైపు చూసింది.

మామ్మగారు నిదానంగా, ఊళ్ళో ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పుకొచ్చారు. ఈ కథ చిట్టెమ్మ ముక్కలుగా విన్నదే. ఇవాళ మొదటిసారి ముక్కలు వరసగా వచ్చాయి.

జర్మన్లు వాళ్ళ ఊరు పట్టుకున్నాక, యూదుల్ని ఇళ్ళల్లోంచి లాక్కెళ్ళి రైళ్ళు ఎక్కిస్తున్న రోజులు. తల్లి ఐదేళ్ళ రోజాను ఒక పల్లెటూరికి తీసుకెళ్ళింది. రైతు ఇంట్లో మెట్ల కింద చిన్న అర. లోపల కూర్చోబెట్టి, ఇంత దూరంలోనే, ఇలాగే చతికిలబడి, ఇవాళ్టి నుంచి నీ పేరు మీనా అని చెప్పింది. రోజా అని ఎవరు పిలిచినా పలకొద్దంది. పాలు తెస్తాను, ఇప్పుడే వెళ్ళొస్తాను, చప్పుడు చెయ్యకు అంది. పిల్ల సరేనంది. ఇరవై ఆరు నెలలు చప్పుడు చెయ్యలేదు. యుద్ధం అయిపోయిందని రైతు భార్య తలుపు తీసి బయటికి రమ్మన్నాక కూడా తొమ్మిది రోజులు రాలేదట. పాలు ఇంకా రాలేదు కదా అందట.

మీనా అన్న పేరు మొదటిసారి విన్నప్పుడు చిట్టెమ్మ నవ్వింది. రోజా అన్నా, మీనా అన్నా మా ఊరి పేర్లేనండి, మీరు రాజోలులో పుట్టాల్సిందండి అంది. అప్పుడు మామ్మగారూ నవ్వారు. ఇవాళ ఇద్దరికీ నవ్వు రాలేదు.

"మా అమ్మది తప్పనను. వెళ్ళిపోతున్నానంటే నేను ఏడ్చేదాన్ని. ఏడుపు వినబడితే అందరం పోయేవాళ్ళం. అందుకే అలా అంది. కానీ చిట్టీ, అప్పుడు ఏడవాల్సింది నేను ఇప్పటికీ ఏడవలేదు. మా ఆయన పోయినప్పుడు రాలేదు. పెద్దకొడుకు పోయినప్పుడు రాలేదు. ఎక్కడుందో తెలియదు."

గంజి మీద మీగడ కట్టింది.

"నీ కూతురికి ఏం చెప్పి వచ్చావు? నాకు చెప్పావు. ఇంకోసారి చెప్పు."

"ఇప్పుడెందుకండి."

"చెప్పు."

చెప్పింది. దేవికి అప్పుడు నాలుగేళ్ళు. సుభద్రక్క వాకిట్లో పీట మీద కూర్చుని పెసరట్టు తింటోంది. కొట్టుకెల్లొత్తానమ్మా అంది చిట్టెమ్మ. జీళ్ళు తే అంది పిల్ల. తెత్తానంది. సందు చివర ఆటో ఆగి ఉంది. ఆటోలోంచి వెనక్కి తిరిగి చూస్తే పిల్ల ఏడవటం లేదు, హాయిగా అట్టు తింటోంది. అది చూసి పోనీలే అనుకుంది కూడా. ఐదేళ్ళ తర్వాత రెండు అట్టపెట్టెల నిండా చాక్లెట్లూ గౌన్లూ వేసుకుని దిగింది. తొమ్మిదేళ్ళ పిల్ల దొడ్డమ్మ వెనక నిలబడి, తల్లిని కిందనుంచి మీద దాకా చూసి, ఒకే ఒక్క మాట అడిగింది.

"కొట్టు అంత దూరమా?"

పదిహేనేళ్ళయింది ఆ మాట అడిగి. చిట్టెమ్మ ఇంకా దానికి జవాబు చెప్పలేదు. దేవి ఇంకా అమ్మా అని పిలవలేదు.

కిందనించి అబ్రా పడవల మోటార్లు వినబడుతున్నాయి.

"ఉత్తగా వెళ్ళిపోవడానికి మీ భాషలో మాట లేదా?" అన్నారు మామ్మగారు.

"ఉందండి. అనమండి."

ఎందుకనరని ఆవిడ అడిగారు. చిట్టెమ్మ తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో నానా తంటాలు పడి చెప్పింది. మా వైపు ఎక్కడికెళ్ళినా వెళ్ళొస్తామనే అంటాం. తిరిగి రామని తెలిసినా అదే అంటాం. ఒక్క చావు జరిగిన ఇంటి దగ్గర మాత్రం ఆ మాట అనకుండా లేచి వెళ్ళిపోతాం. ఉత్తగా వెళ్తున్నానంటే కీడు. ఆ ఇంటికీ కీడు, ఆ మనిషికీ కీడు.

"కీడు" అన్నారు మామ్మగారు ఆ మాటని నోట్లో పెట్టుకుని చూస్తున్నట్టు. తర్వాత, "పాల కోసం ఎనభై రెండేళ్ళుగా చూస్తున్నాను. ఇంక నీ కోసం కూడా చూడమనకు. నాకంత టైము లేదు. నువ్వు వస్తావా, రావా?"

గది తలుపు కింద సారు బూట్ల నీడ కనబడుతోంది. వింటున్నాడు. నిజం చెబితే ఆవిడ ఈ బీరువాలోంచి కదలకపోవచ్చు. కారు వచ్చి వెళ్ళిపోతుంది. మేడమ్ డాక్టర్ని పిలుస్తుంది, సూది గుచ్చుతారు, మూటలా ఎత్తుకుపోతారు. దానికి కారణం చిట్టెమ్మ అవుతుంది. అబద్ధం చెబితే ఆవిడ లేచి చెప్పులు తొడుక్కుని వెళ్ళి, హాలండ్‌లో ఏదో కిటికీ దగ్గర కూర్చుని రోజూ గుమ్మం వైపు చూస్తారు. గుర్తుండదని సారు అన్నాడు. ఎనభై రెండేళ్ళ కిందటి పాలు గుర్తున్న మనిషికి రెండు వారాలు గుర్తుండదా?

"నేను రానండి మామ్మగారూ" అంది చిట్టెమ్మ.

తలుపు కింద నీడ కదిలింది.

"వీసా ఇవ్వలేదండి. రెండు వారాలకీ రాను, రెండేళ్ళకీ రాను. ఇంక మనం కనబడమండి."

చెప్పేశాక చిట్టెమ్మ ఆవిడ మొహం వైపు చూడలేకపోయింది. తన చేతుల వైపు చూసుకుంది. ఏమీ అనిపించలేదు. పంటి డాక్టరు మత్తిచ్చి పన్ను పీకాక ఉండేలాంటి ఖాళీ.

"ఆ మాటేమిటి? అనరన్నావే, అది" అన్నారు మామ్మగారు.

"నోటంట రాదండి."

"నువ్వు అనొద్దు. నాకు నేర్పు."

చిట్టెమ్మ చెవి దగ్గరికి వంగి, గుసగుసగా చెప్పింది. ఎల్తన్నా.

"ఎల్... తన్నా." రెండుసార్లు అనుకున్నారు. తర్వాత గంజి గ్లాసు అందుకుని, చల్లారిపోయిన ఆ గంజి చివరిదాకా తాగారు. ఒళ్ళోని చెప్పులు ముందుకు చాపారు.

"తొడుగు."

సారు తలుపు తీసుకుని లోపలికొచ్చేసరికి తల్లి మంచం మీద కూర్చుని ఉంది, చిట్టెమ్మ కిందకూర్చుని రెండో చెప్పు పట్టీ పెడుతోంది. ఆయన చిట్టెమ్మ వైపు కోపంగానే చూశాడు. ఏదో అనబోయి తల్లి మొహం చూసి ఆగిపోయాడు. మేడమ్ వెనకాల నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. ఇంజక్షన్ మాట మొదట ఎత్తిందావిడే, పాపం ఇప్పుడు అందరికంటే ఎక్కువ ఏడ్చింది కూడా ఆవిడే.

రెండు గంటలకి సూట్‌కేసులన్నీ లిఫ్టు దగ్గరికి చేరాయి. చక్రాల కుర్చీలో మామ్మగారు గుమ్మం దాటబోతూ అలవాటుగా కుడిచెయ్యెత్తారు. ఉత్త చెక్క. సారు ఒక్క క్షణం అటూ ఇటూ చూశాడు. ఎదురు ఫ్లాట్ తలుపు తీసి ఉంది, హుస్సేనమ్మ నిలబడి చూస్తోంది. ఆయన కోటు జేబులోంచి ఆ డబ్బీ తీసి, గుమ్మానికి ఆనించి అరచేత్తో పట్టుకున్నాడు. మామ్మగారు తాకి వేళ్ళు ముద్దు పెట్టుకున్నారు. హుస్సేనమ్మ తల మీద కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది, చూడనట్టు.

లిఫ్టులో కుర్చీ వెనక్కి తిప్పారు. మామ్మగారి మొహం చిట్టెమ్మ వైపు ఉంది.

"ఎల్తన్నా" అన్నారు. గుసగుసగా కాదు. వరండా అంతా వినబడేలా అన్నారు. ఆ బిల్డింగుకొచ్చాక ఆవిడ గట్టిగా మాట్లాడింది అదే మొదటిసారి.

"ఎల్లి రండి మామ్మగారూ" అంది చిట్టెమ్మ.

అనేశాక నాలుక కరుచుకుంది. అనాలని అనలేదు. ఎదుటి మనిషి వెళ్తానంటే వెళ్ళిరమ్మనడం పుట్టిన దగ్గర్నుంచీ నోటికి పట్టిన పాట. పొద్దుటినుంచి అంత తంటాలు పడి చెప్పిన నిజం అంతా ఒక్క మాటతో తిరగబడిపోయింది. మామ్మగారు చూపుడువేలు ఎత్తి, తప్పు లెక్క చేసిన పిల్లతో టీచరన్నట్టు, కాదు కాదు అని అడ్డంగా ఊపారు. ఆ వేలు ఊగుతుండగానే ఆవిడ కళ్ళ కింద ఏదో తడిగా మెరిసినట్టు కనిపించింది. నిజంగా మెరిసిందో, లైటు వెలుగో. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

చిట్టెమ్మ లోపలికొచ్చింది. బీరువాలో దుప్పట్లు మడత పెట్టింది. గ్లాసు కడిగింది. గరిటె ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని, ఫ్రిజ్ మీంచి ఫోను తీసి దేవికి చేసింది.

ఒక్క రింగుకే ఎత్తింది.

"పొద్దుటినుంచి సేత్తన్నాను. ఫోనెత్తవేంటి?"

అమ్మా అనలేదు. వెనకాల బస్సుల హారన్లు, జామకాయల వాడి కేక. ఊళ్ళో మూడున్నర. హైదరాబాదు బస్సెక్కడానికి రాజోలు బస్టాండుకి వచ్చానంది. రేపు తెల్లారి కువైట్ విమానం. దిగాక పనోళ్ళని ఎక్కడ కూర్చోబెడతారు, పనిలో పెట్టుకునే కఫీలు మనిషి రాకపోతే ఎవరినడగాలి, నీకు తెలుసు గదా అని చేశానంది. వేరే ఊరి నుంచి పని మీద మాట్లాడుతున్న మనిషిలా ఉంది గొంతు.

చిట్టెమ్మ అన్నిటికీ జవాబు చెప్పింది. గట్టిగా చదువుకున్నదానిలా వరసగా చెప్పింది. తర్వాత అడిగింది.

"పాపేది?"

"ఇక్కడే ఉంది. దొడ్డమ్మ ఎత్తుకుంది."

నాలుగేళ్ళ మనవరాలు. చిట్టెమ్మ ఫొటోలో తప్ప చూడలేదు.

"దానికి ఏం సెప్పావు?"

బస్సు ఇంజను గుర్రుమంటోంది. కండక్టరు ఎవరినో తొందరపెడుతున్నాడు.

"దేవీ. పాపకి ఏం సెప్పావమ్మా?"

"ఏం సెప్తారు? కొట్టుకెల్లొత్తానని సెప్పాను." గొంతులో వెటకారం లేదు, కోపం లేదు. "వేరే ఏదో సెబుదామనే అనుకున్నాను. నోటికి అదే వచ్చింది."

చిట్టెమ్మ వంటింటి గోడకి ఆనుకుంది. ఫోనులోంచి, దూరంగా, ఒక పసిగొంతు దేన్నో తెమ్మని అడుగుతోంది. ఏమిటో సరిగా వినబడలేదు. జీళ్ళు కాకపోవచ్చు. ఇప్పటి పిల్లలు జీళ్ళు అడగరు.

"బస్సు ఎక్కకు. ఒక్క నిమిషం ఆగు. పాపకి ఓసారి ఫోనియ్యి" అంది చిట్టెమ్మ.

అవతల కండక్టరు మళ్ళీ కేకేశాడు.

"ఏం సెప్తావు దానికి?" అంది దేవి.